సుంకం గేటు తాళం ఎవరి చేతిలో?

బాసరలో గోదావరి ఒడ్డున నిలబడి ఎగువకు చూస్తే కంటికి ఆనదు గానీ, కొద్ది మైళ్ల దూరంలోనే, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో బాబ్లీ గేట్లు ఉన్నాయి. వాటి కోసం మన జిల్లాల రైతాంగం ఎన్నేళ్లు కొట్లాడిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. చివరికి 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీళ్లు కిందికి వదలాలి. ఆ తీర్పుతో మనకు న్యాయం జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. కానీ ఇవ్వాళ ముథోల్ డివిజన్‌లో పశువులు కాసే పిలగాణ్ణి అడిగినా గేట్లు ఏ తారీకున లేస్తయో చెబుతాడు. ఆ రోజు రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జల సంఘం అధికారి వచ్చి నిలబడి గేట్లు ఎత్తిస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది.

మన చేన్లు ఆధారపడ్డ గేటు ఇంకొకటి ఉంది. అది విదేశీ సరుకును ఆపే సుంకం గేటు. అది ఎప్పుడు లేస్తుందో, ఎంత లేస్తుందో, ఎవరు ఎత్తమంటే ఎత్తారో మనకెవరూ చెప్పరు. భైంసా యార్డులో సోయా కుప్ప పోసి, తేమ మిషను పెట్టించుకుని, వేలం పాట విన్నాక గానీ గేటు లేచిన సంగతి మన దాకా రాదు. అప్పటికి మనకు తెలిసేదల్లా ఒక్కటే: ధర పడ్డది. ఎందుకు పడ్డదని అడ్తిదారును అడిగితే 'ఇండోర్ల పడ్డదట' అంటాడు. ఇండోరు వ్యాపారిని అడిగితే షికాగో మీద పెడతాడు. ఈ 'అట'ల వెనుక ఉన్న సంగతి నిగ్గు తేల్చాలని మేము ఈ వారం పూనుకున్నాము.

ముందు సోయా సంగతి. బాసర, ముథోల్, భైంసా, కుభీర్, తానూర్ ప్రాంతాల నల్లరేగడి భూముల్లో వానాకాలం సోయా ముఖ్యమైన పంట. ఊళ్లో మనిషి సోయా గింజ తినడు. అది మిల్లుకు పోతుంది. క్వింటాలు గింజ ఆడిస్తే సుమారు 18 కిలోల నూనె వస్తుంది, 80 కిలోల దాకా పిండి మిగులుతుంది. నూనె ప్యాకెట్లకు పోతుంది, పిండి కోళ్ల దాణాకు పోతుంది. కాబట్టి బయటి నూనె చవకగా దిగితే గింజ ధర ఒక కాలు విరుగుతుంది. బయటి దాణా సరుకు చవకగా దిగితే రెండో కాలూ విరుగుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుని కింది తేదీలు చూడండి.

2021 ఎండాకాలం, వానాకాలం మధ్యలో దేశంలో సోయా ధర ఎన్నడూ లేనట్టు ఎగబాకింది. క్వింటాలు పది వేల దాకా పోయింది. పోనీ, అన్నేళ్లకు రైతుకు నాలుగు పైసలు మిగిలేటట్టున్నాయి అనుకున్నాము. అప్పటికి మన రైతు చేతిలో గింజ లేదన్న మాట నిజమే గానీ, ఆ ధర చూసే చాలామంది ఆ ఏడు సోయా పెట్టారు. కోళ్ల కంపెనీలు ఢిల్లీకి మొరపెట్టుకున్నాయి. ఆగస్టులో, పంట ఇంకా చేను మీద ఉండగానే, 12 లక్షల టన్నుల సోయా పిండిని విదేశాల నుంచి తెచ్చుకునేందుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అదీ ఎటువంటి పిండి? జన్యుమార్పిడి సోయా నుంచి తీసింది. ఆ విత్తనం మన చేన్లో వేస్తే చట్టప్రకారం నేరం. పరాయి దేశంలో పండించి పిండి కొట్టి తెస్తే మాత్రం ఫరవాలేదు! అక్టోబరులో ముడి సోయా నూనె మీద ప్రాథమిక సుంకాన్ని పూర్తిగా ఎత్తేశారు. సెస్సులన్నీ కలిపి మిగిలింది 5.5 శాతం. ధర ఎట్లా జారిందో కోత కోసినవాళ్లకు ఇంకా గుర్తుంది.

ఆ 5.5 శాతం దాదాపు మూడేళ్లు నడిచింది. 2024లో సోయాకు మద్దతు ధర 4,892 రూపాయలని ప్రకటించారు, బజారులో మాత్రం అంతకు వందల రూపాయలు తక్కువకు అడిగారు. మధ్యప్రదేశ్‌లో, మహారాష్ట్రలో రైతులు రోడ్డెక్కారు. నవంబరులో మహారాష్ట్ర ఎన్నికలు. అప్పుడు ఢిల్లీకి సోయా రైతు గుర్తొచ్చాడు. సెప్టెంబరు 14 నుంచి ముడి నూనె మీద మొత్తం సుంకం 27.5 శాతానికి పెంచారు. ఎన్నికలు ఒడ్డెక్కాయి. 2025 మే 28న వానాకాలం మద్దతు ధరలు ప్రకటిస్తూ సోయాకు 436 రూపాయలు పెంచి 5,328 చేశామని గొప్పగా చాటారు. రెండే రెండు రోజులు. మే 30న ముడి నూనెల సుంకాన్ని 16.5 శాతానికి దించారు. మన రైతు ఆ వారం విత్తనాల దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. 436 రూపాయల మాట విన్నాడు, రెండో మాట అతని చెవిన పడనే లేదు.

సుంకం పెంచినంత మాత్రాన గేటు పడినట్టేనా? అదీ కాదు. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద నేపాల్ నుంచి వచ్చే నూనెకు సుంకం లేదు. నేపాల్‌లో సోయా ఎంత పండుతుంది? పండేది ఏ కొద్దిగానో. బయటి నుంచి ముడి నూనె తెప్పించి, అక్కడ శుద్ధి చేసి, మన వైపు పంపుతారు. 2024 సెప్టెంబరులో మన దేశం సుంకం పెంచగానే ఆ దారిన వచ్చే నూనె విపరీతంగా పెరిగింది. ముందు తలుపుకు గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచినట్టు. ఇందులో నేపాల్ రైతుకు దక్కేదీ ఏమీ లేదు, లాభం శుద్ధి కర్మాగారాల యజమానులది. పక్క దేశపు పేదవాడి మీద మనకు కోపం అక్కరలేదు. ఒప్పందం రాసుకునేటప్పుడు ఎవరి సంతకం కింద ఎవరి పొలం పోతుందో చూడని మన పాలకులనే అడగాలి.

అసలు కీలకం ఇంకా వెనుక ఉంది. రేపు భారత ప్రభుత్వం నిజంగానే రైతు పక్షాన నిలబడి సోయా నూనె మీద 60 శాతం సుంకం వేస్తానన్నదనుకోండి. వేయలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఇచ్చిన మాట ప్రకారం సోయా నూనె మీద మన దేశం వేయగల సుంకం 45 శాతం మించరాదు. పామాయిల్‌కు ఆ హద్దు 300 శాతం, సోయాకు 45. ఈ అంకె రాసుకున్నప్పుడు భైంసా యార్డులో ఎవరినీ అడగలేదు. హైదరాబాదులో శాసనసభను అడగలేదు. ఇంకా చెప్పాలంటే, 1994 ఏప్రిల్ 15న మొరాకో దేశపు మరకేష్ పట్నంలో ఆ ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు ఢిల్లీ పార్లమెంటు ఆమోదం కూడా తీసుకోలేదు. తీసుకోవాలని మన రాజ్యాంగంలో నిబంధన లేదు.

ఈ రాజ్యాంగం ముచ్చట కొంచెం ఓపికగా వినాలి. ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా అని ఒకటుంది. అందులో 14వ అంశం వ్యవసాయం. అంటే వ్యవసాయం మీద చట్టం చేసే హక్కు రాష్ట్రానిది. అదే షెడ్యూలులో కేంద్రం జాబితా ఉంది. అందులోనూ 14వ అంశం చూడండి: విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు జరపడం. అంకె ఒకటే, అధికారం మాత్రం ఒకదాన్ని ఒకటి మింగుతుంది. పంట రాష్ట్రానిది, పంట ధరను కూల్చే సంతకం కేంద్రానిది. నష్టపోయిన రైతు కుటుంబం చేయి చాచేది మళ్లీ రాష్ట్రం ముందు. ఇక రోజువారీ సుంకాల సంగతి. 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఏ సరుకు మీద సుంకాన్నయినా మాఫీ చేయవచ్చు. రాత్రి కాగితం మీద సంతకం పడితే తెల్లారి అమలు.

పత్తి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం 2021 ఫిబ్రవరి నుంచి ఉంది. మిల్లుల యజమానులు అడిగారని 2022 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒకసారి ఎత్తేశారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25, ఆ తర్వాత మరో 25, మొత్తం 50 శాతం సుంకం మోపింది. ఆ నెల 7వ తేదీనే ప్రధాని ఢిల్లీ సభలో రైతుల విషయంలో రాజీ పడేది లేదని, దానికి ఎంత మూల్యమైనా తాను చెల్లిస్తానని చెప్పారు. పన్నెండు రోజులు తిరగలేదు. 19వ తేదీ నుంచి పత్తి మీద 11 శాతం సుంకం మాఫీ అయింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, వారం పది రోజులకే డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదిలాబాద్ జిల్లాలో పత్తి ఏరుడు మొదలయ్యేది అక్టోబరులో. మొదటి ఏరుడు, రెండో ఏరుడు, రెండూ ఆ గడువులోనే పడతాయి. బాబ్లీ గేట్లు వాన కాలంలో లేస్తాయి, మంచిదే. ఈ గేటు మాత్రం సరిగ్గా మన పంట యార్డుకు వచ్చే కాలం చూసి లేచింది.

మూల్యం ఎవరు చెల్లించారు? పత్తి కార్పొరేషన్ తన దగ్గరి బేళ్ల అమ్మకం ధర వెంటనే తగ్గించింది. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 అని కాగితం మీద ఉన్నది, ప్రైవేటు వ్యాపారి అంతకన్నా బాగా తక్కువకు అడిగాడు. కార్పొరేషన్‌కు అమ్ముదామంటే ఫోన్లో కొత్త యాప్ వేసుకోవాలి, అందులో రోజు బుక్ చేసుకోవాలి, తేమ 12 శాతం దాటరాదు. కౌలుదారు పేరు మీద పట్టా లేదు. ఆ కొత్త ఫోనూ ఉండదు. సరుకు నిలవ చేసేందుకు కొట్టం లేదు. అమ్ముకోక ఏం చేస్తాడు?

మిల్లుల్లో పని చేసే కార్మికుల బతుకులు కూడా అమెరికా సుంకంతో ఇబ్బందుల్లో పడ్డాయి, దాన్ని మేము కాదనము. తిరుప్పూరులో బట్ట కుట్టే ఆడకూతురూ మన మనిషే. కానీ ఆమెను ఆదుకోవలసింది ఖజానా నుంచి. పత్తి ఏరే మరో ఆడకూతురి కూలిలోంచి తీసి కాదు. ఏరుడు కూలి కిలోల లెక్కన నడుస్తుందని మన అక్కలకు చెప్పనక్కరలేదు. ధర పడిన ఏడు కిలోకు రూపాయి పెంచమంటే ఆసామి 'నాకే గిట్టలే, మీకేడికెల్లి తెచ్చియ్యాలె' అంటాడు. అబద్ధమూ కాదు. సోయా గిట్టని ఏడు గుత్త కోతకు పిలిచే బదులు యంత్రాన్ని పిలుస్తాడు. అందుకే ఇది భూమి ఉన్నవాళ్ల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. షికాగోలో ధర ఒక పైస కదిలితే బాసరలో ముందు కదిలేది కూలి పైసలే.

ఇక్కడ కూలి అన్నలు ఒక సూటి ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. 'బయటి నూనె చవకగా వస్తే మాకు మంచిదే గద? మేము నూనె కొనుక్క తినేటోళ్లమే.' న్యాయమైన ప్రశ్న. జవాబు చరిత్రలో ఉంది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక, 1990ల మొదటికి వచ్చేసరికి దేశం తినే నూనె దాదాపు అంతా దేశంలోనే పండింది. పల్లి, నువ్వు, కుసుమ, పొద్దుతిరుగుడు. కుసుమ చేన్లు మన వైపు ఎట్లుండేవో పెద్దలకు తెలుసు. 1994లో పామాయిల్‌కు స్వేచ్ఛగా తలుపు తీశారు. అప్పుడు సుంకం 65 శాతం. 1998 కల్లా అది 15 శాతం. అదే వరసలో, అమెరికా వేసిన దావాలో ఓడిపోయి, 2000, 2001 సంవత్సరాల ఏప్రిల్ నెలల్లో రెండు విడతలుగా 1,429 సరుకుల మీద ఉన్న దిగుమతి ఆంక్షలు ఎత్తేశారు. పర్యవసానంగా ఇవ్వాళ దేశం తినే నూనెలో సగానికి పైగా ఓడల మీద వస్తున్నది. చవక ఎంతకాలం నిలిచింది? 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. మే 23 దాకా తెరవలేదు. మన కిరాణా దుకాణంలో ప్యాకెట్ ధర ఏమయిందో నూనె కొనుక్క తినేవాళ్లకే బాగా గుర్తుంటుంది. ఇండోనేషియా చేసింది తప్పని మేము అనము. తన ఇంటి తలుపు తాను వేసుకుంది. సార్వభౌమత్వం అంటే పెద్ద మాటేమీ కాదు, అదే. మన తలుపుకు గడియ పీకేసుకుని, అవతలివాడు తలుపు మూశాడని ఏడిస్తే లాభమేముంది?

ఒప్పందాల ముందు అందరూ సమానమే అని చెప్పే పండితులు ఉన్నారు. వాళ్ల కోసం పత్తిదే ఇంకో ముచ్చట. అమెరికా తన పత్తి ఆసాములకు ఇచ్చే సబ్సిడీలు చెల్లవని బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేసి 2005లో గెలిచింది. అమెరికా ఏం చేసింది? కొంత మార్చింది, చాలా మార్చలేదు. ఏళ్లు సాగదీసి 2014లో బ్రెజిల్‌కు 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు ముగించుకుంది. ఆ సబ్సిడీ పత్తితో పోటీ పడి చితికిన ఆదిలాబాద్ రైతుకు అందులో ఒక్క డాలరూ రాలేదు. అదే సంస్థలో మనం ఓడిపోతే 1,429 గోడలు కూల్చుకున్నాము. చట్టం ఒకటే కావచ్చు, చెల్లుబాటు మాత్రం బలాన్ని బట్టి.

ఇప్పుడు తాజా సంగతికి వద్దాము. 2026 ఫిబ్రవరి మొదటి వారంలో భారత్, అమెరికా ప్రభుత్వాలు తాత్కాలిక వాణిజ్య ఒప్పందానికి చట్రం పేరుతో సంయుక్త ప్రకటన చేశాయి. అమెరికా నుంచి వచ్చే ఏ వ్యవసాయ సరుకుల మీద సుంకం తీసేయడమో తగ్గించడమో చేస్తామన్నారో, ఆ జాబితాలో సోయా నూనె పేరు ఉంది. డీడీజీఎస్ పేరు ఉంది. మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి అది, కోళ్లకూ పశువులకూ దాణాగా సోయా పిండికి పోటీ. పశువుల దాణా కోసమని ఎర్రజొన్న పేరు కూడా ఉంది. ఎర్రజొన్న మాట వినగానే ఆర్మూరు రైతు ఉలిక్కిపడతాడు. మన ఎర్రజొన్న విత్తనంగా ఉత్తరాదికి పోతుంది, అమెరికాది దాణా. రెండూ ఒకటే అని మేము భయపెట్టము. కానీ పసుపుకు, ఎర్రజొన్నకు ధర కోసం 2019లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో నామినేషన్లు వేసి నిలబడ్డ జిల్లా అది. ఆ జిల్లాను ఒక్క మాటైనా అడిగారా?

వాణిజ్య మంత్రి గారు మాత్రం సోయా, మొక్కజొన్న, వరి, గోధుమ, పాలు, వీటి జోలికి పోలేదని, రైతు క్షేమమని చెప్పారు. నమ్మేవాళ్లు ఒకసారి మిల్లు దగ్గరికి పోయి చూడాలి. గింజను ఆపామంటారు. గింజలోంచి వచ్చే నూనెను రానిస్తారు. పిండికి పోటీ వచ్చే పిప్పిని రానిస్తారు. సోయా గింజలో నూనె, పిండి కాక ఇంకేముంది, పొట్టు తప్ప?

అమెరికా వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో కూడా చూడండి. ఫిబ్రవరి 20న వాళ్ల సుప్రీంకోర్టు, అత్యవసర అధికారాల చట్టం పేరు చెప్పి అధ్యక్షుడు ఇట్లా సుంకాలు మోపడం చెల్లదని, సుంకం వేసే అధికారం వాళ్ల చట్టసభదని తీర్పు ఇచ్చింది. ఐరోపా దేశాలు ఒప్పందం చేసుకుంటే ఐరోపా పార్లమెంటులో ఓటు పడాలి. వాళ్లకు సంతకం కన్నా ముందో వెనుకో ప్రజల సభ ఉంది. మన దగ్గర 2025 జూలై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం అయింది. ఆ కాగితాల కట్టను జనం చూసింది సంతకం అయ్యాకే. బాసరకు దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి పలక మీద మొదటి అక్షరం దిద్దిస్తారు. అట్లా దిద్దుకున్న పిల్లలు పెద్దయ్యాక తమ పొలం మీద రాసిన కాగితం సంతకానికి ముందు చదవడానికి వీల్లేదంటే ఆ అక్షరం దేనికి?

ఇక్కడ ఒక తేడా మన కార్యకర్తలు బాగా గ్రహించాలి. పైన చెప్పిన సోయా నూనె సుంకం 5.5 నుంచి 27.5 అయింది, మళ్లీ 16.5 అయింది. పత్తి సుంకం పోయింది, దానికి ఒక గడువు ఉండింది. ఇవన్నీ ఢిల్లీ నోటిఫికేషన్లు. మనకు కీడు చేసినవే, కానీ ఒత్తిడి పెడితే మారినవి కూడా. ఎన్నికల భయానికో, ధర్నాల భయానికో 2024 సెప్టెంబరులో సుంకం పెరిగింది. 2024 నవంబరులో దిలావర్‌పూర్ జనం రోడ్డు మీద కూర్చుంటే ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆగాయి. మూడు వ్యవసాయ చట్టాలు 2021లో వెనక్కి పోయాయి. ఒప్పందం అట్లా కాదు. దాని మీద సంతకం పడ్డాక నిర్మల్ కలెక్టరేటు ముందు ఎంత పెద్ద ధర్నా చేసినా, 'మేమేం చేయగలం, మాట ఇచ్చేశాం' అంటారు. సోయా నూనె 45 శాతం హద్దు ముప్ఫై ఏళ్లుగా అట్లాగే ఉంది. ఎన్ని ప్రభుత్వాలు మారలేదు? నోటిఫికేషన్ అంటే గేటు ఎత్తడం. ఒప్పందం అంటే గేటు పీకి పాత ఇనుముకు అమ్మడం.

సంతకానికి ముందు ఆపవచ్చని మన అనుభవమే చెబుతుంది. పదహారు దేశాల ప్రాంతీయ ఒప్పందంలో చేరడానికి మన ప్రభుత్వం ఏడేళ్లు చర్చలు జరిపింది. న్యూజిలాండ్ పాలపొడి వస్తే పాడి రైతు మునుగుతాడని దేశమంతా లేచింది. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారతదేశం చేరనని చెప్పి లేచి వచ్చింది. అందులో పాల సంఘాల పాత్ర ఉంది, రైతు సంఘాల పాత్ర ఉంది, చైనా సరుకుకు భయపడ్డ మన పెట్టుబడిదారుల పాత్ర కూడా ఉంది. మూడోవాళ్లు అమెరికా విషయంలో మన పక్కన ఉండరు. వాళ్ల సరుకుకు అమెరికా బజారు కావాలి, దానికి బదులుగా ఇవ్వడానికి వాళ్ల దృష్టిలో చవకగా దొరికేది మన సోయా, మన పత్తి. ఈసారి రైతూ కూలీ తప్ప ఎవరూ గొంతెత్తరు.

మా సూచన పెద్దదేమీ కాదు. ప్రతి గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి. వ్యవసాయ సరుకుల మీద ఏ దేశంతో ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు తెలుగులో అచ్చు వేసి రాష్ట్ర శాసనసభ ముందు, పార్లమెంటు ముందు పెట్టి ఓటు తీసుకోవాలని; కోతల కాలంలో ఆ పంట మీద సుంకం తగ్గించరాదని; తగ్గిస్తే మద్దతు ధరకు తక్కువైన ప్రతి రూపాయి కేంద్రమే భరించాలని, అందులో కౌలుదారుకు పట్టా అడగరాదని. తీర్మానం నకలు ఎమ్మెల్యేకు, ఎంపీకి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు మరిచిపోవద్దు.

సోయా కోతలు సెప్టెంబరు ఆఖరున మొదలవుతాయి, వెనుకనే పత్తి వస్తుంది. యార్డుకు బండి కట్టే ముందు వారం ఊళ్లో చదువుకున్న పిల్లలకు ఒక పని అప్పజెప్పండి: కేంద్ర ఆర్థిక శాఖ సుంకాల నోటిఫికేషన్లు ఏ రోజుకారోజు ఫోన్లో చూసి, ఏ సరుకు మీద ఎంత తగ్గిందో గ్రామ పంచాయతీ గోడ మీద సున్నంతో రాయమని. తారీకుతో సహా.